పాచిక తప్పినదా, ఆటగాడు తప్పినాడా?

త్రిఫల చూర్ణములోని మూడు కాయలలో కరక్కాయ, ఉసిరికాయ అందరును ఎరిగినవే. మూడవది తానికాయ. దీని చెట్టును తాండ్ర అనియు అందురు. సంస్కృతమున ఇది విభీతకము. వృక్షశాస్త్రజ్ఞులు దీనికి టెర్మినేలియా బెల్లిరికా అని పేరిడినారు. నల్లమల అడవులలో, అనగా పూర్వపు మహబూబునగరు జిల్లాకు చెందిన అమ్రాబాదు ప్రాంతమున (2016 నుండి ఇది నాగరుకర్నూలు జిల్లాలో చేరినది) ఈ చెట్టు పెరుగును. నేడు వైద్యునకు మందుగా ఉపయోగించు ఈ కాయయే వేదకాలమున జూదరికి పాచిక. ఋగ్వేదము పదవ మండలములో సర్వమును పోగొట్టుకొన్న ఒక జూదరి విలపించు సూక్తము కలదు. అతని చేతిలోనివి ఈ కాయలే.

వీనిపై నేటి పాచికలకువలె చుక్కలు లేవు. మరి ఆట ఎట్లు సాగెడిది? పండితులు గ్రంథములను శోధించి ఒక విధమును ఊహించినారు. రాశిలోనుండి గుప్పెడు కాయలు తీసి నాలుగేసి చొప్పున లెక్కింపవలెను. శేషము లేనిచో కృతము, మూడు మిగిలినచో త్రేత, రెండు మిగిలినచో ద్వాపరము, ఒకటి మిగిలినచో కలి. కృతము గెలుపు, కలి ఓటమి. నాలుగు యుగముల పేర్లును ఈ నాలుగు పాటుల పేర్లును ఒకటే అగుట గమనింపదగినది.

ఇట్టి ఆటలో కన్ను చురుకైనవానిదే పైచేయి. రాశిని చూచినంతనే ఎన్ని కాయలున్నవో పోల్చుకొనగలవాడు తనకు కావలసినన్ని తీసికొనగలడు. అది నేర్పా, మోసమా? ఈ ప్రశ్న ఆటలంత పాతది.

నన్నయ తెనిగించిన అరణ్యపర్వములోని నలోపాఖ్యానము ఈ సందర్భమున స్మరింపదగినది. పుష్కరునితో జూదమాడి రాజ్యము పోగొట్టుకొన్న నలుడు మారువేషమున అయోధ్యాధిపతియగు ఋతుపర్ణుని కొలువులో సారథిగా చేరును. ఒకనాడు ప్రయాణములో ఋతుపర్ణుడు దారిప్రక్కనున్న తాండ్రచెట్టును చూచి, దాని రెండు కొమ్మలలో ఎన్ని ఆకులు, ఎన్ని కాయలు ఉన్నవో చెప్పును. సంస్కృత మూలమున కాయల సంఖ్య 2,095. నలుడు ఆ మాటను ఊరక నమ్మలేదు, కాదనియు అనలేదు. రథమాపి, చెట్టును పడగొట్టి, కాయలు లెక్కించెను. సంఖ్య సరిపోయినది. పిమ్మట అక్షహృదయమను ఆ విద్యను గ్రహించి, బదులుగా అశ్వహృదయమును బోధించెను. కొంత చూచి మొత్తమును అంచనా వేయు విద్యకు ఇది అతి ప్రాచీనమైన సూచన యని ఇయాన్ హాకింగ్ అను తత్త్వశాస్త్రజ్ఞుడు సంభావ్యతా శాస్త్రము పుట్టుకపై 1975లో ప్రకటించిన గ్రంథమున చర్చించినాడు. కథలోని మరియొక సంగతి ఉపాధ్యాయులకు నచ్చవచ్చును: తనను ఓడించినది దైవమో, మోసమో, తన అజ్ఞానమో తెలియని నలునికి దారి దొరికినది లెక్కించుటలోనే.

అయితే ప్రతి ఆటగాడును నలుడు కాడు. ఓడినవాడు మోసమనును, గెలిచినవాడు అదృష్టమనును. అప్పుడు తీర్పు చెప్పువాడెవడు? కౌటిల్యుని అర్థశాస్త్రము దీనిపై ఒక ప్రకరణమునే కేటాయించినది. ఈ గ్రంథమును మైసూరు పండితుడు ఆర్. శామశాస్త్రి 1905లో తాళపత్రములలో కనుగొని 1909లో ముద్రించెను. అందు ద్యూతాధ్యక్షుడను అధికారి కలడు. జూదము ఒక్కచోటనే, అతని కన్నుల యెదుటనే జరుగవలెను. వేరుచోట ఆడినవానికి 12 పణముల జుల్మానా. పాచికలను, గవ్వలను ఆటగాండ్రు ఇంటినుండి తెచ్చుకొనరాదు. దోషము లేనివానిని అధ్యక్షుడే అద్దెకు ఇచ్చును. ఇచ్చినవానిని మార్చినవానికి మరల 12 పణములు. కపటముగా ఆడినచో గెలిచినదంతయు పోవును, దానిపై దండన వేరు. గెలుపులో నూటికి 5 వంతులు ప్రభుత్వమునకు చెందును. ప్రభుత్వ ఆదాయముపై కౌటిల్యునకున్న శ్రద్ధ ఇక్కడను దాగలేదు.

ఇంతవరకు ఏ పరిపాలకుడైనను చెప్పగలిగినదే. అసలు విశేషము తరువాత నున్నది. జూదము విషయమై వ్యాజ్యము వచ్చినపుడు గెలిచినవానికి తక్కువ దండనయు, ఓడినవానికి ఎక్కువ దండనయు వేయవలెనని పూర్వాచార్యుల మతము. ఓడినవాడు గెలువవలెనను ఆశతోనే వచ్చి, ఇప్పుడు ఓటమిని సహింపలేక మొర పెట్టుకొను మూఢుడని వారి వాదము. కౌటిల్యుడు దీనిని ఖండించెను. ఓడినవానికి రెట్టింపు దండన వేసినచో ఇక రాజు వద్దకు ఎవడు వచ్చును? జూదరులలో పెక్కుమంది కపటులే కదా యని అతని సమాధానము. ఫిర్యాదు చేసినవానిని శిక్షించు పద్ధతి మోసగానికి కవచమగునని ఆనాడే గ్రహించిన బుద్ధి ఇది. గ్రంథకాలముపై పండితులలో వివాదమున్నను, క్రీ.శ. 3వ శతాబ్దినాటికి ఇది నేటి రూపమునకు వచ్చినదని పలువురి అభిప్రాయము.

తెలంగాణపు దక్షిణ భాగమునకు ఈ న్యాయము మరియొక దారిన చేరినది. 11, 12 శతాబ్దులలో ఈ ప్రాంతము కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో నుండెను. పూర్వపు నల్లగొండ జిల్లాలోని కొలనుపాక (నేడు యాదాద్రి భువనగిరి జిల్లా) వారి ప్రధాన కేంద్రములలో ఒకటి. ఆరవ విక్రమాదిత్యుని కాలమున, అనగా 1076, 1126 సంవత్సరముల నడుమ, విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర యను వ్యాఖ్య రచించెను. 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగు చేసెను. యాజ్ఞవల్క్యుని ప్రకారము జూదశాల నడుపువాడు సభికుడు. పందెము నూరు గాని, అంతకు మించి గాని ఉన్నచో గెలిచినవాని వద్ద నూటికి 5, తక్కువైనచో నూటికి 10 తీసికొని, ఓడినవానినుండి సొమ్ము రాబట్టి గెలిచినవానికి ఇప్పించు పూచీ అతనిది. తగవు పుట్టినపుడు విచారించువారును, సాక్షులును ఆటగాండ్రే. కపటపు పాచికతో గాని, మాయోపాయముతో గాని ఆడినవానికి గుర్తు వేసి దేశమునుండి వెళ్లగొట్టవలెను.

ఇది కఠినశిక్ష. కాని కపటపు పాచిక, మాయోపాయము అను రెండు మాటలను తేలికగా దాటిపోరాదు. శిక్షకు వస్తువులో దోషమో, చేతిలో ఉపాయమో కనిపింపవలెను. మితిమీరి గెలుచుట ఒక్కటే నేరమని స్మృతి చెప్పలేదు.

అనుమానము తీరనిచో ఏమగునో కృష్ణకు ఆవలి ఒడ్డున చెప్పుకొను కథ తెలుపును. నల్లగొండ జిల్లా దక్షిణపు టంచున నిలిచినచో ఏటికి అవతల పల్నాడు. 12వ శతాబ్దిలో నలగామరాజు పక్షమున నాగమ్మయు, మలిదేవుని పక్షమున బ్రహ్మనాయుడును కోళ్లపందెము కట్టిరనియు, ఓడిన మలిదేవాదులు ఏడేండ్లు వలస పోయిరనియు వీరగాథ. నాగమ్మ కపటముతో గెలిచినదని పాడువారి మాట. ఆ పందెమునకు ఉభయపక్షములు ఒప్పుకొన్న మధ్యవర్తి లేడు. గడువు తీరిన తరువాత రాజ్యభాగము మరలి రాలేదు; తగవు కారెంపూడి యుద్ధరంగమున తేలినది.

పందెములు కట్టని ఇంటి ఆటలలో ఇంత ప్రమాదము లేదు గాని, పోట్లాట మాత్రము ఉన్నది. పూర్వపు మహబూబునగరు జిల్లావాడైన సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్రలో మనవారి వినోదములను కావ్యములనుండి ఏరి కూర్చినాడు. 1949లో వెలువడిన ఆ గ్రంథమునకు 1955లో, అతడు మరణించిన రెండేండ్లకు, కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. అట్టి ఆటలలో అష్టాచెమ్మ నేటికిని జీవించియున్నది. అయిదు వరుసలలో అయిదేసి గళ్లు, నాలుగు గవ్వలు చాలును. గవ్వలు లేనిచోట చింతగింజలను ఒకవైపు బండపై రుద్ది తెల్లచేసి వాడుదురు. వెల్లకిల పడిన గవ్వలెన్నియో అన్ని గళ్లు కాయ నడుచును. నాలుగును వెల్లకిల పడిన చెమ్మ, నాలుగు గళ్లు. నాలుగును బోర్ల పడిన అష్ట, ఎనిమిది గళ్లు. చెమ్మ గాని, అష్ట గాని పడినవాడు మరల వేయును.

ఇప్పుడు ఒక పిల్లవాడు వరుసగా మూడుమార్లు చెమ్మయో, అష్టయో వేసినాడనుకొందము. అరుగుమీద గగ్గోలు బయలుదేరును. "గవ్వలు పేర్చి వేసినావు" అని ఒకరు, "వేళ్లు విప్పకుండ జారవిడిచినావు" అని ఇంకొకరు. కొన్ని ఇండ్లలో మూడవది పడినచో మొదటి రెండును మురిగిపోవునను నియమమే కలదు. అందరిని సమాధానపరచు చక్కని ఉపాయమది. పిల్లవాడు దొంగ అని ఎవరును అననక్కరలేదు. అదృష్టము అతిగా పండినచో పంట రద్దు.

కాని నిజముగా అది ఎంత అరుదు? ప్రతి గవ్వయు సమానముగా వెల్లకిలను, బోర్లను పడునని తలచినచో నాలుగు గవ్వలకు 16 విధములు. అందు అష్ట ఒకటి, చెమ్మ ఒకటి. రెండును కలిసి 16లో 2, అనగా 8లో ఒకటి. వరుసగా మూడుమార్లు పడుటకు 512లో ఒక వంతు. వినుటకు ఇది అసాధ్యమువలె తోచును. అయితే ఒక ఆటలో నూరుమార్లు గవ్వలు వేయుదురనుకొన్నచో, అందు ఎక్కడనో ఒకచోట ఇట్టి వరుస వచ్చు సంభావ్యత నూటికి సుమారు 15. ఊరిలో ఆరేడు అరుగులమీద ఆట సాగుచున్నచో ఏదో యొక అరుగుమీద ఈ వింత జరుగుట వింత కాదు. ఆ అరుగుమీదివారికి మాత్రము తక్కిన అరుగుల సంగతి తెలియదు. నేరారోపణ పుట్టునది ఈ తెలియకపోవుటలోనే.

మరియు గవ్వ సమానముగా పడునని ఎవరు చెప్పిరి? దాని వీపు ఉబ్బు, నోరు చదును. గవ్వ గవ్వకును తేడా. నూటికి 40 మార్లే వెల్లకిల పడు గవ్వలు నాలుగు తీసికొన్నచో అష్ట నూటికి 6కు బదులు 13 మార్లు పడును. చెమ్మ మూడు మార్లయినను పడదు. గవ్వ తీరులో చిన్న భేదము, ఆటలో రెట్టింపు ఫలితము! ఇందు ఎవరి మోసమును లేదు. కాని ఆ గవ్వలు తెచ్చిన పిల్లవానిపై అనుమానము రాక మానదు. కౌటిల్యుడు పాచికలను ఉమ్మడిగా ఉంచుమనుటలోని ప్రయోజనమిది. అందరును అవే గవ్వలు వేసినచో వాని వంకర అందరికిని సమానమే.

పాశ్చాత్యదేశములలో ఈ లెక్కకు ఆద్యుడైన జెరోలామో కార్డానో వైద్యుడు, గణితజ్ఞుడు, దానికి తోడు జూదరి. 16వ శతాబ్దిలో పాచికలాటపై అతడు వ్రాసిన చిన్న పుస్తకము 1663లో గాని అచ్చు కాలేదు. అందు సంభావ్యతల లెక్కయు, మోసగాండ్ర ఉపాయములును ప్రక్కప్రక్కనే కలవు. వెనీసు నగరమున ఒక ధనికుని ఇంట పేకముక్కలపై గుర్తులున్నవని కనుగొన్ననాడు ఈ మహానుభావుడు సంభావ్యతను లెక్కింపలేదు. బాకుతో గృహస్థుని ముఖము గాయపరచి పారిపోయెను. చీకటిలో కాలువలో పడగా ఒక పడవ అతనిని కాపాడినది. పడవలోనున్నది ముఖమునకు కట్టుకట్టుకొన్న ఆ గృహస్థుడే! ఈ సంగతిని కార్డానో తన ఆత్మకథలో తానే చెప్పుకొన్నాడు.

పాచికను తూచి చూచుట నిజముగా 19వ శతాబ్ది చివరను ఆరంభమైనది. ఇంగ్లండులో వెల్డన్ అను జీవశాస్త్రజ్ఞుడు 12 పాచికలను ఒకేమారు వేయుచు, అట్లు 26,306 మార్లు వేసిన ఫలితములను 1894లో గాల్టనునకు వ్రాసి పంపెను. 5 గాని, 6 గాని పడుట నూటికి 33.33 వంతులు ఉండవలెను, 33.77 వచ్చినది. అనగా 12 పాచికలలో సగటున 4 పడవలసినచోట 4.05 పడినవి. ఒక సాయంత్రమంతయు ఆడినను ఈ భేదము ఎవరి కంటను పడదు. అయినను ఇన్నివేల విసురులలో ఇది దైవవశమున రాదని కార్ల్ పియర్సన్ 1900లో తన కై-వర్గ పరీక్షతో నిరూపించెను. చుక్కలకై గుంటలు తొలుచుటచే 5, 6 గల ముఖములు తేలికపడినవని దీనికి సామాన్యముగా చెప్పు కారణము. వెల్డన్ నిజాయితీపరుడే; తప్పు పాచికది.

మోసము ఇట్లుండ, పొరపాటు మాట వేరు. కాయను ఒక గడి ఎక్కువ నడుపుట, నియమము మరచుట ఎవరికైన జరుగును. చదరంగపు అంతర్జాతీయ నియమములు ఇచట ఆటగాని మనసులోనికి తొంగి చూడవు. నియమవిరుద్ధమైన ఎత్తు వేసినచో బలగమును వెనుకటి స్థితికి తెచ్చి, ఎదుటివానికి రెండు నిమిషములు అదనముగా ఇత్తురు; అదే ఆటలో మరల జరిగినచో ఓటమి. ఎత్తులన్నియు కాగితముపై నుండుటచే ఇట్లు వెనుకకు పోవుట సాధ్యము.

వెనుకకు పోవ వీలులేని ఆట ఒకటి 1974లో అమెరికాలో వెలువడినది. దీని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్; గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీని కర్తలు. బల్ల చుట్టును కూర్చున్నవారు ఒక్కొక్కరు ఒక్కొక్క వీరుని పాత్ర ధరింతురు. ఒకరు సూత్రధారిగా కథను నడుపుదురు. గుహలో రాక్షసుడు ఎదురైనపుడు కత్తి తగిలినదా, లేదా అనునది పాచిక తేల్చును. 4, 6, 8, 12, 20 ముఖముల పాచికలు వాడుట దీని ప్రత్యేకత; ఇవి రేఖాగణితమున చెప్పు అయిదు క్రమఘనములే. భారతదేశపు నగరములలోను దీనిని ఆడువారున్నారు. దీని మూలము జర్మనులోని ప్రష్యా సైన్యపు యుద్ధక్రీడ. 1824లో రైస్విట్జ్ అను సైనికాధికారి రచించిన నియమములలో పాచికలును, ఉభయపక్షములకు నడుమ మధ్యవర్తియు కలరు. 1876లో వెర్డీ దు వెర్నువా అను సేనాని నియమములను చాలవరకు తొలగించి, మధ్యవర్తి అనుభవమునకే తీర్పును వదలివేసెను. ద్యూతాధ్యక్షుడు ఈ రూపమున మరల పుట్టినాడని చెప్పవచ్చును. ఇతనికి జుల్మానా వేయు అధికారము మాత్రము లేదు.

ఈ ఆటలో గెలుపు ఓటములు లేవు, సొమ్మును లేదు. అయినను కొందరు పడిన సంఖ్యను మార్చి చెప్పుదురు. 20 ముఖముల పాచికను ఒకడు పదిమార్లు వేసి మూడుమార్లు 20 పడినదన్నచో నమ్మవలెనా? దీని సంభావ్యత నూటికి ఒకటికి కొంచెము పైన. కాని అయిదుగురు ఆటగాండ్రు నలువది సాయంత్రములు ఆడినచో ఇట్టి సంఘటన రెండుమార్లయినను ఎదురుచూడవలసినదే. కనుక ఒకనాటి ఫలితమును పట్టుకొని నేరము మోపుటకు వీలులేదు. అనుభవముగల సూత్రధారులు అనుసరించు పద్ధతి సులభమైనది: అందరును ఒకే పళ్లెములో, అందరి యెదుట వేయవలెను, చదువకముందు పాచికను తీయరాదు. ఈ నియమము ఒక్కనిపై కాక అందరిపై పెట్టినచో ఎవరికిని తలవంపు కాదు. అప్పటికిని అనుమానము మిగిలినచో పదిమందిలో కాక విడిగా అడుగుదురు. కూడికలో పొరపాటు బయటపడినచో అప్పటినుండి సరిదిద్దుకొందురు గాని, జరిగిన కథను చెరుపరు. చచ్చిన రాక్షసుని లేపినచో తరువాతి కథయంతయు కూలును.

విచిత్రమేమనగా సూత్రధారి తన పాచికలను తెర వెనుక వేయుట ఇందు మొదటినుండి వాడుక. అవసరమైనపుడు పాచికను త్రోసిపుచ్చు హక్కు అతనికి కలదని గైగాక్సే 1979లో వ్రాసినాడు. ఆటగాడు చేసినచో మోసమైనది సూత్రధారి చేసినచో తీర్పగుట ఎట్లని ఆ ఆటగాండ్రలో నేటికిని వాదము నడచుచున్నది. కౌటిల్యుడు తన అధ్యక్షునకు తెర ఇచ్చియుండడు.

ఈ విషయములను పాఠశాలలో చేసి చూచుటకు నాలుగు చింతగింజలు చాలును. ఒకవైపు తెల్లగా రుద్ది, గ్లాసులో గిలకరించి 160 మార్లు వేయవలెను. గింజలు సమానముగా పడుచున్నచో అష్ట 10, ఒకటి 40, రెండు 60, మూడు 40, చెమ్మ 10 మార్లు పడవలెను. వచ్చిన సంఖ్యకును, రావలసినదానికిని గల భేదమును వర్గముచేసి, రావలసిన సంఖ్యతో భాగించి, అయిదింటిని కూడవలెను. ఈ మొత్తము 9.49 దాటుట సక్రమమైన గింజలతో నూటికి 5 మార్లే జరుగును. కనుక నలువది జట్లు వేసినచో రెండు జట్లు ఏ తప్పును లేకయే దాటవచ్చును.

మొత్తము మరీ తక్కువైనను ఉపాధ్యాయుడు కాగితమును రెండవమారు చూడవలెను. సరిగా 10, 40, 60, 40, 10 వచ్చుట పదివేలలో ఒకమారు జరుగు సంగతి. గింజలు వేయకయే లెక్క వ్రాసిన విద్యార్థికి మాత్రము అది మొదటిమారే వచ్చును. మెండెల్ బఠానీమొక్కల లెక్కలను 1936లో ఆర్. ఎ. ఫిషర్ ఇట్లే పరీక్షించి, అవి సిద్ధాంతముతో అంత చక్కగా సరిపోవుటకు లక్షలో 7 వంతులే అవకాశమున్నదని తేల్చెను. మెండెల్‌ను అతడు నిందింపలేదు. ఏ ఫలితము రావలెనో తెలిసిన సహాయకుడెవడో లెక్కలు దిద్దియుండునని ఊహించెను. ఆ సహాయకుడు నిజముగా ఉండెనా యనునది నేటికిని తేలలేదు.

ఇక ఒక జట్టునకు అష్ట 20 మార్లు పడినదనుకొందము. ఆ ఒక్క గడిలోనే మొత్తము 10 అగును, హద్దు దాటినట్లే. అప్పుడు ఆ జట్టువారికి వేరు గింజలను, ఆ గింజలను వేరు జట్టునకును ఇచ్చి, ఇద్దరిచేతను మరల 160 మార్లు వేయింపవలెను.